ఒకే యంత్రమున పలు యంత్రములు

ఖమ్మము జిల్లాలోని కల్లూరు ప్రాంతము నాగార్జునసాగరు ఎడమ కాలువ ఆయకట్టునకు చెందినది. ఒక ప్రక్క కాలువ క్రింది మాగాణి, మరియొక ప్రక్క భద్రాచలపు అడవులవైపు సాగిపోవు మెట్టభూములు. ఆ ప్రాంతపు రైతునకు వంతునీరు అననేమో మేము చెప్పనక్కరలేదు. నీరు ఒక్కటే, కాలువ ఒక్కటే. మేజరు నుండి మైనరునకు, మైనరు నుండి పిల్లకాలువకు వంతుప్రకారము పారును. తన వంతు వచ్చినప్పుడు మడవ తీసి నిలిచిన రైతునకు ఆ కొన్ని గంటలును కాలువ యంతయు తనదే యన్నట్లుండును. పై పొలమువాడెంత తీసికొనెనో, క్రింది పొలమువాని వంతు ఎప్పుడో అతడు తలపెట్టనక్కరలేదు. షట్టర్ల చక్రములు, వాని తాళములు లష్కరు చేతిలో నుండును.

కంప్యూటరులలోను ఇట్టి వంతు ఏర్పాటు కలదు. ఒకే యంత్రమును ఒకే కాలమున పదిమందికో ఇరువదిమందికో పంచి, ప్రతివానికి ‘ఇది నా యొక్కని యంత్రము’ అను నమ్మకము కలుగునట్లు చేయుట యొక విద్య. అట్లు ఏర్పడిన యంత్రమును వర్చువల్ మెషీన్ అందురు. మేము కల్పిత యంత్రము అని వ్యవహరింతుము. కల్పితమనగా అబద్ధమని కాదు. దానిలో ఆపరేటింగ్ సిస్టము నడచును, లెక్కలు సాగును, ఉత్తరములు వచ్చును, పోవును. లేనిదెల్ల దానికంటూ ఒక ప్రత్యేకమైన పెట్టె మాత్రమే. పంచిపెట్టు పెత్తనము హైపర్‌వైజరు అను ప్రోగ్రామునది. అదియే ఇచ్చటి లష్కరు. ఈ లష్కరునకు ప్రాసెసరు తన నిర్మాణములోనే చేసిపెట్టు సహాయమెట్టిదో చెప్పుటకు ఈ ప్రసంగమున ప్రయత్నింతుము.

ఇది ఎక్కడనో దూరదేశపు ముచ్చట కాదు. 2022 నవంబరు 22వ తేదీన అమెజాన్ సంస్థవారు హైదరాబాదు కేంద్రముగా తమ కంప్యూటరుల అద్దె వ్యాపారమును ప్రారంభించిరి. 2030 నాటికి దానిపై 36,300 కోట్ల రూపాయలు వెచ్చింపదలచినట్లు అప్పుడే ప్రకటించిరి. అచ్చట అద్దెకు దొరకునది చాలవరకు కల్పిత యంత్రమే. స్వంతముగా పెద్ద కంప్యూటరు కొనుటకు తాహతు లేని విద్యార్థి కల్లూరులో కూర్చుండి, చేతిలోని చిన్న యంత్రము ద్వారా అట్టిదానిని గంటల లెక్కన అద్దెకు తీసికొని, పనియైన పిదప విడిచిపెట్టవచ్చును. ఇది గొప్ప సదుపాయము. అయితే దానివెంటనే యొక సంశయమును పుట్టవలెను. ఒకే ప్రాసెసరుపై ఒక బ్యాంకు లెక్కలును, ఒక ఆసుపత్రి రోగుల వివరములును, ముక్కు మొగము తెలియని మరియొకని ప్రోగ్రామును ప్రక్కప్రక్కన నడచుచున్నప్పుడు, ఒకరి వ్రాత మరియొకరి కంటబడకుండ ఆపుచున్నదేది? నడుమ నొక గోడ యుండవలెను. ఆ గోడ దేనితో కట్టబడినదను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదని మా యభిప్రాయము.

ఈ విద్య క్రొత్తది కాదు. సాగరు కాలువలకు నీరు వదలినది 1967 ఆగస్టు 4వ తేదీన. అదే యేట ఏప్రిలు నెలలో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైనది. ఆ సంవత్సరము జనవరిలోనే అమెరికాలో ఐ.బి.ఎం. వారి కేంబ్రిడ్జి పరిశోధనశాలయందు సి.పి. 40 అను వ్యవస్థ పనిలోనికి వచ్చినది. ఒకే యంత్రముపై 14 కల్పిత యంత్రములను అది నడపెను. మూడును ఒకే యేట జరుగుట కాకతాళీయమే. గుర్తుంచుకొనుటకు మాత్రము బాగున్నది. 1972లో ఐ.బి.ఎం. వారు ఈ విద్యను వి.ఎం. 370 అను పేర అమ్మకమునకు తెచ్చిరి.

ఇక పని జరుగు తీరు చూతము. ప్రాసెసరునకు ఆదేశములన్నియు సమానములు కావు. రెండు సంఖ్యలను కూడుమనుట సామాన్యమైన ఆదేశము, ఎవరైనను ఈయవచ్చును. మెమరీని ఎవరికెంత పంచవలెనో నిర్ణయించుట, బయటి పిలుపులను వినుటయో మానుటయో తేల్చుట మొదలగునవి అధికారముతో కూడిన ఆదేశములు. అందువలన ప్రాసెసరులో అంతస్తులుండును. ఇంటెల్ వంశపు ప్రాసెసరులలో అవి సున్న మొదలు మూడు వరకు నాలుగు. సున్న అంతస్తున ఆపరేటింగ్ సిస్టము, మూడవ అంతస్తున సామాన్య ప్రోగ్రాములు. మూడవ అంతస్తువాడు అధికారపు ఆదేశమునకు చేయి చాచినచో ప్రాసెసరు అతని నాపి, పైవానికి కబురంపును.

కల్పిత యంత్రమునకు ఈ కబురే ఆధారము. అతిథిగా వచ్చిన ఆపరేటింగ్ సిస్టమును సున్న అంతస్తు నుండి దింపి, దానికి తెలియకుండ క్రింద కూర్చుండబెట్టవలెను. పైన హైపర్‌వైజరు కూర్చుండును. అతిథి అధికారపు ఆదేశమునిచ్చిన ప్రతిసారి కబురు పైకి పోవును. హైపర్‌వైజరు ఆ పనిని న్యాయమైన మేరకు తాను చేసిపెట్టి, ‘అయినది’ అని చెప్పి తిరిగి పంపును. రైతు చక్రముమీద చేయి వేయగనే లష్కరు కాలవగట్టున ప్రత్యక్షమైనట్లు. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను నిరువురు పండితులు దీనికి నియమమును సూత్రీకరించిరి. యంత్రపు స్థితిని తాకు ఆదేశము ప్రతియొక్కటియు, క్రింది అంతస్తు నుండి వచ్చినప్పుడు, తప్పక కబురు పుట్టించునదై యుండవలెనని దాని సారము.

ఇంటెల్ వంశము ఈ నియమమును పాటింపలేదు. అవి ఒక బల్లపై ఒక మనిషి కొరకు పుట్టిన యంత్రములు. పంచుకొనుట యను ఆలోచనయే వాని పుట్టుకలో లేదు. 2000 సంవత్సరమున ప్రకటితమైన యొక పరిశోధనలో పెంటియము ప్రాసెసరుయందు నియమమును తప్పిన ఆదేశములు 17 లెక్కకు వచ్చినవి. వానిలో నొక్కదానిని ఉదాహరింతుము. దాని పేరు పాప్ఎఫ్. ‘ఇకపై బయటి పిలుపులు వినవద్దు’ అని ఆపరేటింగ్ సిస్టము ప్రాసెసరునకు చెప్పదలచినప్పుడు దీనిని వాడవచ్చును. పై అంతస్తు నుండి చెప్పిన పని జరుగును. క్రింది అంతస్తు నుండి చెప్పినచో పని జరుగదు; తప్పని చెప్పుటయు లేదు, కబురు పోవుటయు లేదు. రైతు చక్రము త్రిప్పినాడు; చక్రము తిరిగినది; షట్టరు కదలలేదు; లష్కరునకు తెలియలేదు. తలుపు మూసితినని నమ్మి రైతు ఇంటికి పోయినాడు. తెల్లవారుసరికి పొలము మునిగియుండును. నిరాకరించు యంత్రముతో వేగవచ్చును గాని, మౌనముగా వినుటమాను యంత్రముతో వేగుట కష్టము.

ఈ చిక్కును ప్రోగ్రాములు వ్రాయువారు తమ యుక్తితో దాటిరి. 1998లో స్థాపితమైన వి.ఎం.వేర్ సంస్థవారు మరుసటి యేడు తెచ్చిన సాధనము, అతిథి ఆపరేటింగ్ సిస్టము వ్రాతను నడపుటకు ముందు చదివి, చిక్కుగల ఆదేశములున్న చోటులనెల్ల అప్పటికప్పుడు మార్చి వ్రాసి, ఆ మార్చిన ప్రతిని నడపును. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన జెన్ వేరొక త్రోవ పట్టినది: అతిథికి నిజము చెప్పివేసి, నీవు కల్పిత యంత్రములో నున్నావు, కావున ఈ పనులకు నన్నే అడుగుమని దాని వ్రాతనే ముందుగా మార్పించుట. రెండును మెచ్చదగినవే. అయినను ఇవి ప్రాసెసరు లోపమును ప్రోగ్రాముతో పూడ్చిన పూతలు. గోడ యంతయు వ్రాతకాని నేర్పుమీద నిలిచియుండెను.

2005 నవంబరులో ఇంటెల్ వారును, 2006 మే నెలలో ఎ.ఎం.డి. వారును ప్రాసెసరు నిర్మాణములోనే మార్పు తెచ్చిరి. మొదటిది వి.టి. ఎక్స్, రెండవది ఎ.ఎం.డి. వి. పేర్లు వేరైనను తలపు ఒక్కటే. ఇంటెల్ వారి పద్ధతిని చెప్పుదుము.

పాత నాలుగు అంతస్తుల మేడను అట్లే యుంచి, అట్టిదే మరియొక మేడను ప్రక్కన కట్టినట్లు భావింపుడు. ఒకటి యజమాని మేడ, ఒకటి అతిథి మేడ. అతిథి ఆపరేటింగ్ సిస్టము తన మేడలో సున్న అంతస్తుననే దర్జాగా కూర్చుండును. దానిని దింపనక్కరలేదు, దాని వ్రాతను దిద్దనక్కరలేదు. పాప్ఎఫ్ అనగనే ఆ ఆదేశము నిజముగనే పనిచేయును. కాని అతిథి మేడ మేరకే. అతిథి తన చెవులు తాను మూసికొనవచ్చును, యజమాని చెవులు మూయలేదు.

రెండు మేడల నడుమ నొక ద్వారము, ద్వారముకడ నొక చిట్టా. ప్రతి కల్పిత యంత్రమునకు మెమరీలో ఒక చిట్టా యుండును. ఆ చిట్టా పరిమాణము 4,096 బైట్లకు మించదు. అందు అతిథి స్థితి యొక భాగము, యజమాని స్థితి యొక భాగము, ‘ఏయే పనులకు నన్ను పిలువవలెను’ అని హైపర్‌వైజరు వ్రాసిపెట్టిన నిబంధనలొక భాగము. హైపర్‌వైజరు ప్రవేశపు ఆదేశమునిచ్చును. ప్రాసెసరు చిట్టానుండి అతిథి స్థితిని ఎత్తికొని, అతిథి మేడలో పని సాగించును. నిబంధనలలోని పని యేదైన తటస్థించినప్పుడు ప్రాసెసరు తానే పని నిలిపి, అతిథి యున్నచోటును చిట్టాలో వ్రాసి, యజమాని స్థితిని తెచ్చి నిలుపును. పిలిచిన కారణమును సంఖ్యారూపమున నమోదు చేయును. హైపర్‌వైజరు ఆ సంఖ్యను చూచి పని తీర్చి, మరల ప్రవేశపు ఆదేశమునిచ్చును. నిష్క్రమణము, ప్రవేశము, మరల నిష్క్రమణము, ఇట్లు సాగుచుండును. ‘ఈ ప్రాసెసరు ఏ జాతిది, దీని శక్తులేవి’ అని అతిథి యడుగు ఆదేశమొకటి కలదు. ఇంటెల్ పద్ధతిలో దానికి తప్పక నిష్క్రమణము జరుగును. ఏలనన, ఆ ప్రశ్నకు యజమాని చెప్పదలచిన జవాబే అతిథికి చేరవలెను గదా.

ఇంతటితో అంతయు చక్కబడినదని తలపవచ్చును. కాలేదు. 2006లో వి.ఎం.వేర్ సంస్థకు చెందిన ఆడమ్స్, అగెసెన్ అనువారు పోల్చిచూచి, తమ పాత అనువాదపు యుక్తియే పలుమారులు ఈ క్రొత్త హార్డ్‌వేరుకంటె వేగముగా నడచుచున్నదని వెల్లడించిరి. తమ సరకును తాము మెచ్చుకొనిరని కొట్టివేయరాదు. కారణమును స్పష్టముగా చూపిరి. ద్వారము దాటుట చౌక పని కాదు. ఒక్కొక్క రాకపోకకు వేలకొలది గడియార స్పందనలు ఖర్చగుచుండెను. లష్కరును పిలుచు పద్ధతి చక్కబడినది గాని, పిలుపుల సంఖ్య తగ్గలేదు. ఆ పిలుపులలో చాలభాగము మెమరీ పంపకము గురించినవే. ఈ విషయము కొంచెము నిలిచి వినదగినది.

దీనికి కాలువను విడిచి, గ్రామపు భూమి లెక్కలకడకు వత్తము. సర్వే సంఖ్యలు ఏ ఊరికాయూరు ఒకటి నుండి మొదలగును. పండ్రెండవ సంఖ్య భూమి యన్నంతమాత్రమున అది ఎక్కడిదో తెలియదు, ఊరిపేరు చేర్చవలెను. కల్పిత యంత్రములును ఇట్లే. ప్రతిదానికి తన మెమరీ సున్ననుండి మొదలైనట్లే తోచును. అతిథి తన ప్రోగ్రాములకు మెమరీ పంచుచు తనదైన యొక పట్టిక వ్రాసికొనును. కాని ఆ పట్టికలోని సంఖ్యలు అతని ఊరి సంఖ్యలే గాని నిజమైన చోటులు కావు. పూర్వము హైపర్‌వైజరు రెండు లెక్కలను కలిపి, ప్రోగ్రాము సంఖ్యనుండి నిజమైన చోటునకు సూటిగా పోవు నీడపట్టిక యొకటి చాటున వ్రాసి యుంచెడిది. అతిథి తన పట్టికలో నొక గీత మార్చిన నీడపట్టికను కూడ మార్చవలెను. అందులకే ఇన్ని పిలుపులు.

పరిష్కారము హార్డ్‌వేరుననే దొరకినది. 2007లో ఎ.ఎం.డి. వారి బార్సిలోనా ప్రాసెసరును, 2008లో ఇంటెల్ వారి నెహాలెమ్ ప్రాసెసరును రెండు పట్టికలను తామే వరుసగా చదువ నేర్చినవి. మొదటి పట్టిక అతిథిది. దానిని అతిథి ఇచ్చవచ్చినట్లు దిద్దుకొనవచ్చును, ఎవరిని పిలువనక్కరలేదు. రెండవది హైపర్‌వైజరుది, అతిథికి ఆ పట్టిక యున్నట్లే తెలియదు. రెండవ పట్టికలో లేని చోటును అతిథి యెట్లును తాకలేడు. ప్రక్కవాని మెమరీకిని తనకును నడుమనున్న గోడ ఇదియే.

ఈ సౌఖ్యమునకు వెల కలదు. సామాన్య యంత్రమున నాలుగు మెట్ల పట్టికను చదివి చోటు కనుగొనుటకు మెమరీని నాలుగు మారులు చూచిన చాలును. రెండు పట్టికలైనప్పుడు అతిథి పట్టికలోని మెట్టు ప్రతియొక్కటియు ‘ఊరి సంఖ్య’లోనే యుండును, దానిని నిజమైన చోటుగా మార్చుటకు నాలుగు చూపులు, దానిని చదువుట కొకటి, వెరసి ఐదు. నాలుగు మెట్లకు ఇరువది. కడపట వచ్చిన సంఖ్యను మార్చుటకు మరి నాలుగు. మొత్తము 24. నాలుగింటికి బదులు ఇరువదినాలుగు! కావున ఒకసారి కనుగొన్న చోటులను ప్రాసెసరు తనలోని చిన్న గూటిలో దాచుకొని, మరల అడిగినప్పుడు పట్టికల జోలికి పోకుండ జవాబు చెప్పును. ఎవరి చోటులెవ్వరివో కలిసిపోకుండ వానికి అతిథి సంఖ్యను గుర్తుగా వేయును. 24 చూపులను తగ్గించుటకై పట్టికల నడిమి మెట్లను సయితము దాచుకొను ఉపాయములను 2008లో ఎ.ఎం.డి. పరిశోధకులు నలువురు ఒక వ్యాసమున వివరించిరి. ఆ నలువురి పేర్లలో శ్రీలత మన్నె అను పేరొకటి కనబడును.

డిస్కులు, నెట్‌వర్కు కార్డులు మొదలగు పరికరముల కథ త్వరగా ముగింతుము. ఇవి ప్రాసెసరు నడుగకుండ మెమరీలోనికి నేరుగా వ్రాయగలవు. అతిథి చేతికి అట్టి పరికరము నిచ్చినచో, దానిచే ప్రక్కయింటి గోడ దూకింపవచ్చును. అందుచేత పరికరములకును వేరొక పట్టిక నేర్పరచి, ఏ పరికరము ఎవరి మెమరీని తాకవచ్చునో అందు వ్రాయుదురు. అమెజాన్ వారు 2017 నుండి తమ యంత్రములలో నెట్‌వర్కు పనిని, డిస్కు పనిని వేరు కార్డులమీదికి మార్చి, ప్రధాన ప్రాసెసరును ఇంచుమించుగా పూర్తిగా అద్దెదారులకే విడిచిరి. ఆ పద్ధతికి నైట్రో అని పేరు. లష్కరు కనబడుటయే అరుదైనది.

గోడ ఇనుపగోడ యని ఇంతవరకు చెప్పితిమి. ఇనుపగోడకును పగులు పడినది. 2018 ఆగస్టులో ఫోర్‌షాడో అను దోషము వెల్లడియైనది. ఇంటెల్ ప్రాసెసరులు త్వరపడి, అనుమతి పూర్తిగా తేలకమునుపే ఊహమీద పని ముందునకు సాగించును. ఊహ తప్పైనచో ఫలితమును పారవేయును. పారవేసినను, ప్రక్కవాని వ్రాత ప్రాసెసరుకు అతి దగ్గరనున్న గూటిలో నుండగా ఊహమీద చదివినప్పుడు, ఆ జాడను కాలపు కొలతలచేత పసిగట్టవచ్చునని పరిశోధకులు నిరూపించిరి. అట్లు ఒక కల్పిత యంత్రము మరియొకదాని రహస్యములను చదువుటకు సందు దొరకెను. అతిథి మేడలోనికి పోవునప్పుడు ఆ గూటిని తుడిచివేయుట చికిత్సలలో ఒకటి. అది యంత్రపు వేగమును కొంత హరించినది. హార్డ్‌వేరున నున్నదన్నంతమాత్రమున నమ్మకమునకు హామీ లేదని మేము దీనినుండి గ్రహించితిమి. ప్రోగ్రాములోని తప్పును ఒక రాత్రిలో దిద్దవచ్చును. అమ్ముడుపోయిన ప్రాసెసరును వెనుకకు పిలిపించుట ఎవరి తరము?

మరియొక సంశయము మిగిలియున్నది. ప్రక్కవాని సంగతి సరే, లష్కరే చెడ్డవాడైనచో? అద్దెకిచ్చిన సంస్థ కోరినచో అతిథి మెమరీ నంతయు చదువగలదు గదా. 2017లో ఎ.ఎం.డి. వారి ఎపిక్ ప్రాసెసరులతో ఒక మార్గము తెరచుకొన్నది. ప్రతి కల్పిత యంత్రపు మెమరీని ప్రాసెసరు వేరొక రహస్యపు తాళముతో గూఢలిపిగా మార్చును; ఆ తాళము హైపర్‌వైజరు చేతికి రాదు. చదివినను అర్థము కాని అక్షరములే కనబడును. 2021లో అదే పద్ధతిని, హైపర్‌వైజరు ఆ గూఢలిపిని చాటుగా మార్పలేకుండునట్లును బలపరచిరి. ఇంటెల్ వారును 2023లో ఇట్టిదానినే తెచ్చిరి. పట్టాదారు పాసుపుస్తకములు, రేషను కార్డులు, ఆసుపత్రి చీటీలు నేడు కంప్యూటరులలోనికి చేరినవి. కల్లూరు రైతు తన భూమి గట్టును చూడగలడు గాని, తన భూమి వ్రాతయున్న యంత్రమును చూడలేడు. ప్రజల వ్రాతలను అద్దెయంత్రములలో నుంచదలచిన కార్యాలయము ఏదైనను, గుత్త వ్రాసికొనునప్పుడు వెలతోపాటు, తాళము ఎవరికడ నుండునను ప్రశ్నను కూడ అడిగి తీరవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము.

ఇక కంప్యూటరు గల గృహస్థులకును, పాఠశాలల కంప్యూటరు గదులు చూచు ఉపాధ్యాయులకును ఒక మాట. ఇటీవలి సంవత్సరములలో అమ్మిన సామాన్య కంప్యూటరులలో చాలవానికి ఈ శక్తి కలదు. లినక్స్ నడచు యంత్రమున ప్రాసెసరు వివరముల పట్టికను తెరచి చూచినచో, ఇంటెల్ దానికి వి.ఎం.ఎక్స్. అనియు, ఎ.ఎం.డి. దానికి ఎస్.వి.ఎం. అనియు మూడేసి అక్షరములు కనబడవలెను. ఆ ప్రాసెసరునకు ఈ శక్తి కలదని తయారించినవారు చెప్పుచున్నను పని సాగనిచో, అది ఆపివేయబడి యుండవచ్చును. కొన్ని యంత్రములు అట్లే అమ్మకమునకు వచ్చును. యంత్రము మొదలగునప్పుడు కనబడు అమరికల పుటలోనికి పోయి, వర్చువలైజేషను అను మాట యెదుట నున్న మీటను మార్చి, యంత్రము నొకసారి పూర్తిగా ఆపి మరల నడపవలెను. అటుపై ఒక్క కంప్యూటరు గల పాఠశాలలోను పిల్లలు నాలుగు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములను ప్రక్కప్రక్కన నడపి చూడవచ్చును. ఒకటి పాడైనను తక్కినవానికి హాని లేదు. మెమరీ మాత్రము ఎనిమిది గిగాబైట్లకు తక్కువ కాకుండ చూచుకొనవలెను.